అరిగే రాగి, అంటని గుల్ల

ఓడల కథ: 14వ భాగం

1503లో కొలంబస్ ఓడలు జమైకా తీరంలో ఒడ్డుకెక్కి కదలలేకపోయిన చోట గత వారం ఆగాం. ఓడపురుగు జల్లెడలా తొలిచేసిన ఆ చెక్కలు ఇక నీటిని ఆపే స్థితిలో లేవు. పురుగు ఓడల్ని ముంచింది కాబట్టి చరిత్రకారులు దాని సంగతి వివరంగానే రాసిపెట్టారు. ఓడ అడుగున పాచిగా, గుల్లలుగా పేరుకునే జీవాల గురించి మాత్రం అంత శ్రద్ధగా రాయలేదు. అవి ఓడను ముంచవు, వేగాన్ని తినేస్తాయి. తెరచాపల కాలపు నావికా యుద్ధాల్లో వేగం తగ్గిన ఓడ శత్రువుకు చిక్కినట్టే లెక్క. అందుకే ఈ వారం కథంతా ఓడ అడుగుననే నడుస్తుంది. చివరికి ప్రొపెల్లర్ దాకా వెళ్తుంది.

ముందు ఈ జీవాల సంగతి కాస్త తెలుసుకోవాలి. చెక్క గానీ లోహం గానీ సముద్రంలో ముంచిన కొద్ది గంటల్లోనే దాని మీద సూక్ష్మజీవుల పల్చటి జిగురు పొర ఏర్పడుతుంది. చేత్తో తడిమితే జారుతుంది తప్ప కంటికి పెద్దగా కనిపించదు. దాని మీద డయాటమ్‌లు, ఆ తర్వాత పచ్చటి పాచి, ఆ వెనకే బార్నకిల్ పిల్లలు వస్తాయి. పైకి గుల్లలా కనిపించినా బార్నకిల్ నత్తల జాతి కాదు, రొయ్యలకూ పీతలకూ దగ్గరి చుట్టం. లార్వాగా ఉన్నప్పుడు నీటిలో ఈదుతుంది. ఆ దశ చివర్లో తిండి కూడా మానేసి చోటు వెతుక్కునే పనిలో పడుతుంది. ముందున్న రెండు స్పర్శకాలతో ఉపరితలం మీద అడుగులు వేస్తున్నట్టుగా తడిమి చూస్తుంది. నచ్చకపోతే ఈదుకుంటూ వెళ్లిపోతుంది. నచ్చితే తలవైపు నుంచి జిగురు వదిలి అతుక్కుంటుంది. ఇక జీవితాంతం అక్కడి నుంచి కదలదు. చుట్టూ సున్నపు పలకలతో గూడు కట్టుకుని, ఈకల్లాంటి కాళ్లు బయటికి చాపి నీటిలో కొట్టుకొచ్చే ఆహారాన్ని ఏరుకుంటుంది. ఛార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటిని చదవడానికే వెచ్చించాడు. పరిణామ సిద్ధాంతం అప్పటికే ఆయన మనసులో ఉన్నా, ముందు ఈ చిన్న ప్రాణిని పూర్తిగా అర్థం చేసుకోవాలనుకున్నాడు. ఆ ఓపిక నాకు ఎప్పుడూ గౌరవం కలిగిస్తుంది.

రాగి రాకముందు నావికులు చేయని ప్రయత్నం లేదు. యూరప్‌లో తారు, గంధకం, జంతువుల కొవ్వు కలిపి పూసేవారు. మన తీరాల్లో గుగ్గిలం, నూనె, సున్నం వాడేవారు. ఏది పూసినా కొన్ని నెలలకు మించి నిలిచేది కాదు. అప్పుడు ఓడను ఆటుపోట్లు చూసి ఒడ్డుకు చేర్చి, ఒక పక్కకు ఒరగదీసి, గుల్లలు గీకి, మంటతో కాల్చి, మళ్లీ పూత పూయాల్సిందే. ఆ రోజుల్లో గోదావరి ముఖద్వారం దగ్గర కోరంగి లాంటి రేవులు ఓడలు కట్టడంతో పాటు మరమ్మతులతోనూ బతికాయి. 1670లలో ఇంగ్లండ్ నౌకాదళం సీసపు రేకులు కొట్టి చూసింది. చుక్కాని ఇనుప సామాను తుప్పు పట్టి పోతుండటంతో దాన్ని వదిలేసింది. ఎందుకు తుప్పు పట్టిందో అప్పట్లో ఎవరికీ అంతుబట్టలేదు.

1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే 32 ఫిరంగుల యుద్ధనౌక అడుగుకంతా పల్చటి రాగి రేకులు కొట్టించి వెస్టిండీస్‌కు పంపింది. వేడి నీళ్లు, పురుగు, పాచి, గుల్లలు అన్నీ దండిగా ఉండే సముద్రమది. ఓడ తిరిగొచ్చాక 1763లో పరీక్షించారు. రేకులు ఉన్న చోట చెక్క చెక్కుచెదరలేదు. పురుగు లేదు, గుల్లల బెడదా లేదు. కానీ చాలా చోట్ల రేకులు ఊడిపోయి ఉన్నాయి. వాటిని పట్టి ఉంచాల్సిన ఇనుప మేకులు ఏదో తినేసినట్టు కుళ్లిన కర్రలా ఉన్నాయి.

ఆ పరీక్షలో ఒక చిన్న విషయం అధికారుల కంటపడింది. కొన్ని మేకులు మాత్రం దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. వాటి తలల కింద గోధుమ రంగు కాగితం ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. రాగి రేకులు కాగితంలో చుట్టి ఓడల యార్డుకు వచ్చాయి. కొన్ని చోట్ల పనివాళ్లు ఆ కాగితం తీయకుండానే మేకులు దిగ్గొట్టారు. అలా కాగితం అడ్డుపడి ఇనుము రాగికి తగలని చోట మేకు బతికింది. తగిలిన చోట పోయింది. ఇనుమూ రాగీ నేరుగా తగలకూడదని నివేదికలో రాశారు. వోల్టా బ్యాటరీ చేయడానికి ఇంకా 37 ఏళ్లు ఉంది. ఉప్పునీటిలో రెండు లోహాలు తాకితే వాటి మధ్య విద్యుత్తు పారుతుందని, రెండింటిలో బలహీనమైన లోహం కరిగిపోతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. సిద్ధాంతం తెలియకపోయినా కళ్లతో చూసిన సాక్ష్యం నుంచే సరైన నిర్ణయానికి వచ్చారు వాళ్లు. మొత్తం ఓడల చరిత్రలోనే నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది.

పాఠం తెలిసినా ఆచరణకు చాలా కాలం పట్టింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోకి ఫ్రాన్స్, స్పెయిన్ దిగాక బ్రిటన్‌కు ఓడల సంఖ్య చాల్లేదు. ఉన్న ఓడలనే ఎక్కువ కాలం సముద్రంలో ఉంచాలి, ఎక్కువ వేగంగా నడపాలి. నౌకాదళ కంట్రోలర్ ఛార్లెస్ మిడిల్టన్ 1779 నుంచి నౌకాదళమంతటికీ రాగి తొడిగించే పనికి పూనుకున్నాడు. వేల్స్‌లో ఆంగ్లసీ దీవిలోని పేరిస్ కొండ గనుల రాగికి రాత్రికి రాత్రే గిరాకీ పెరిగింది. దాని వ్యాపారి థామస్ విలియమ్స్ రాగి రారాజుగా పేరుపడ్డాడు. అయితే ఓడల అస్థిపంజరాన్ని పట్టి ఉంచే పెద్ద ఇనుప బోల్టులు రాగి పక్కనే లోలోపల కరిగిపోసాగాయి. 1780లలో వాటి స్థానంలో గట్టిపరిచిన రాగి బోల్టులు వేయడం మొదలుపెట్టాకే ఆ ప్రమాదం తప్పింది.

ఇక రాగి తొడుగుకు మిగిలిన లోపం ఒక్కటే. అది అరుగుతుంది. ప్రతి కొన్నేళ్లకూ రేకులు పల్చబడి, చిల్లులు పడి, మళ్లీ కొత్తవి వేయాల్సి వచ్చేది. అంత పెద్ద నౌకాదళానికి అది మామూలు ఖర్చు కాదు. రాగిలో కల్తీ ఉందేమోనన్న అనుమానంతో 1823లో నావీ బోర్డు రాయల్ సొసైటీని సంప్రదించింది. సొసైటీ అధ్యక్షుడు సర్ హంఫ్రీ డేవీ ఆ పనిని తనే భుజాన వేసుకున్నాడు. సోడియం, పొటాషియం మూలకాలను విద్యుత్తుతో విడదీసి చూపినవాడు, గని కార్మికులకు భద్రతా దీపం ఇచ్చినవాడు. ఆయన పేరు అప్పటికే యూరప్ అంతటా మారుమోగుతోంది. ప్రయోగశాలలో ఆయనకు సాయపడ్డవాడు యువకుడైన మైకేల్ ఫారడే.

రాగిలో కల్తీ ఉందా లేదా అన్నది అసలు విషయం కాదని డేవీ త్వరగానే గ్రహించాడు. సముద్రపు నీరు, అందులో కరిగిన ఆక్సిజన్, రాగికి ఉండే విద్యుత్ గుణం, ఇవి కలిసి రాగిని తింటున్నాయి. రాగి కంటే తేలిగ్గా కరిగే లోహాన్ని దానికి తగిలిస్తే, ఆ లోహమే కరుగుతూ రాగిని కాపాడాలి. ఉప్పునీటిలో రాగి ముక్కలు ముంచి పరీక్షించాడు. బఠాణీ గింజంత జింకు ముక్క గానీ, చిన్న ఇనుప మేకు మొన గానీ తగిలిస్తే 40, 50 చదరపు అంగుళాల రాగి ఏమాత్రం తరగకుండా మెరుస్తూ ఉండిపోయింది. అలారం ఓడలో ఇనుప మేకుల్ని చంపిన సూత్రమే ఇది. దాన్ని డేవీ తిరగేసి, కావాలనే ఇనుమును బలిపెట్టి రాగిని బతికించాడు. 1824 జనవరిలో రాయల్ సొసైటీలో ఈ పరిశోధన చదివాడు. దీనికి పేటెంట్ తీసుకోలేదు. దేశానికి ఉచితంగా ఇచ్చేశాడు.

తర్వాత పోర్ట్స్‌మౌత్ రేవులో పెద్ద ఎత్తున పరీక్షలు జరిగాయి. రాగి వైశాల్యంలో 40వ వంతు నుంచి 150వ వంతు దాకా ఇనుము గానీ జింకు గానీ తగిలిస్తే రాగి బరువు కొంచెం కూడా తగ్గలేదు. అంతకంటే తక్కువ తగిలిస్తే కొద్దికొద్దిగా తరిగింది. కానీ డేవీ కళ్లెదుటే మరో సంగతి కూడా జరిగింది. పూర్తి రక్షణ ఉన్న రేకుల మీద సున్నం, మెగ్నీషియా కలిసిన తెల్లటి పూత పేరుకుంది. దాని మీద పాచి మొలిచింది, గుల్లలు అంటుకున్నాయి. రక్షణ తక్కువగా ఉన్న రేకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆయన దాన్ని దాచలేదు, రాసే ఉంచాడు. నిష్పత్తి సరిగ్గా కుదిర్చితే అటు అరుగుదలా ఇటు పాచీ రెండూ ఉండవని నమ్మాడు.

ఆ నమ్మకానికి పరీక్షగా నిలిచిన ఓడ మన దేశంలో పుట్టింది. సమరాంగ్ యుద్ధనౌకను కొచ్చిన్‌లో టేకుతో కట్టారు. 1824 వసంతంలో అది డాక్‌కు వచ్చినప్పుడు, రాగిలో సుమారు 80వ వంతు వైశాల్యం ఉండే నాలుగు ఇనుప దిమ్మలను ముందు వైపు రెండు, వెనక రెండు బిగించారు. నోవా స్కోషియా దాకా వెళ్లి 1825 జనవరిలో తిరిగొచ్చింది. దాని అడుగంతా పాచి, గుల్లలతో నిండిపోయిందని పత్రికలు రాశాయి. డేవీ స్వయంగా పోర్ట్స్‌మౌత్ వెళ్లి చూశాడు. వెనక వైపు దిమ్మల చుట్టూ కొన్ని అడుగుల మేర కాస్త తుప్పు, దాని మీద అంగుళంన్నర, రెండంగుళాల పొడవున వెంట్రుకల్లాంటి జీవాలు, చిన్న చిన్న బార్నకిల్స్ తప్ప మిగతా భాగమంతా శుభ్రంగా ఉందని, పత్రికల రాతలు అబద్ధమని చెప్పాడు. అలాగే దిమ్మలు బిగించుకుని కలకత్తా వెళ్లిన కార్న్‌బ్రే కాజిల్ అనే వర్తక నౌక కూడా తళతళలాడుతూ తిరిగొచ్చిందని తర్వాత రాశాడు. కానీ అన్ని ఓడలూ అలా తిరిగి రాలేదు. ఇతర ఓడల అడుగులు బాగా పాచిపట్టి, నడక మందగించి వచ్చాయని ఫిర్యాదులు పెరిగాయి. 1825 జులైలో, సముద్రంలో తిరిగే ఓడలన్నిటి నుంచి దిమ్మలు తీసేయమని నౌకాదళ పాలక మండలి అయిన అడ్మిరల్టీ ఆదేశించింది.

జరిగింది ఇదీ: రాగి సముద్రపు నీటిలో అతి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. ఆ కరిగిన రాగి, చోటు వెతుక్కుంటూ వచ్చిన లార్వాకు విషం. డేవీ రాగిని కరగకుండా ఆపేశాడు కాబట్టి విషం కూడా ఆగిపోయింది. రాగి ఎందుకు పాడవుతుందన్న ప్రశ్నకు ఆయన అద్భుతమైన జవాబు కనుక్కున్నాడు. అదే రాగి ఎందుకు శుభ్రంగా ఉంటోందన్న ప్రశ్న అంతే గట్టిగా వేసుకోలేదు. అయితే తప్పంతా ఆయన మీద వేయడం న్యాయం కాదు. సమరాంగ్ సముద్రం నుంచి తిరిగి రాకముందే అడ్మిరల్టీ ఈ పద్ధతిని ఇతర ఓడలకూ విస్తరించేసింది. పరీక్షకు తగినంత సమయం ఇచ్చి ఉంటే రెండు పక్షాలకూ ఈ అవమానం తప్పేది. పత్రికల ఎగతాళి డేవీని బాగా బాధపెట్టింది. 1829 మేలో జెనీవాలో, 50 ఏళ్లకే కన్నుమూశాడు. కానీ ఆయన ఆలోచన చావలేదు. బలిచ్చే లోహంతో మరో లోహాన్ని కాపాడే పద్ధతి నేడు ఉక్కు ఓడలకూ, భూమిలో పాతిన పైపులైన్లకూ దిక్కు.

ఇక ప్రొపెల్లర్ సంగతి. 1836లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్, జాన్ ఎరిక్సన్ ఇంగ్లండ్‌లో విడివిడిగా స్క్రూ ప్రొపెల్లర్‌కు పేటెంట్లు తీసుకున్నారు. 1845 ఏప్రిల్‌లో ప్రొపెల్లర్ ఉన్న రాట్లర్ అనే ఓడనూ, పక్కన తిరిగే చక్రాలున్న అలెక్టో అనే ఓడనూ వెనక భాగాలు కలిపి కట్టి లాగించారు. రాట్లర్ అలెక్టోను వెనక్కి ఈడ్చుకుపోయింది. ఆ తర్వాత ఓడలు క్రమంగా ఇనుపవయ్యాయి కాబట్టి రాగి తొడుగు నేరుగా కొట్టే వీల్లేదు, ఇనుమే కరిగిపోతుంది. అందుకే రాగి కలిసిన రంగులు వచ్చాయి. ఆ కథ పెద్దది, దాన్ని వేరుగా చెప్పుకుందాం. ప్రొపెల్లర్లను మాత్రం తర్వాతి కాలంలో ఎక్కువగా కంచు లోహాలతో పోతపోశారు. గట్టితనానికి గట్టితనం, పైగా అందులో రాగి ఉంది కాబట్టి గుల్లలు అంటవనే ఆశ.

ఆ ఆశ చాలాసార్లు నెరవేరదు. కారణం మళ్లీ డేవీ దిమ్మలే. కంచు ప్రొపెల్లర్ వల్ల షాఫ్టు, చుక్కాని, వెనక భాగపు ఉక్కు కరగకుండా ఉండాలని బోట్లకు, ఓడలకు జింకు ముక్కలు బిగిస్తారు. ఆ జింకు ప్రొపెల్లర్‌ను కూడా కాపాడుతుంది. కాపాడితే రాగి కరగదు, రాగి కరగకపోతే బార్నకిల్‌కు అడ్డులేదు. సమరాంగ్ వెనక దిమ్మల దగ్గర డేవీ చూసిన దృశ్యమే నేటి ప్రొపెల్లర్ మీద కనిపిస్తుంది. అలాగని జింకు తీసేస్తే? ప్రొపెల్లర్లకు వాడే, మాంగనీస్ కంచు అని పిలిచే లోహంలో నిజానికి జింకు పాలు చాలా ఎక్కువ. రక్షణ లేకపోతే ఆ జింకే ముందు కరిగిపోయి, బంగారు రంగు రెక్క అక్కడక్కడా గులాబీ ఛాయకు తిరుగుతుంది. సుత్తితో తడితే గంటలా మోగాల్సిన రెక్క మొద్దుగా చప్పుడు చేస్తుంది. తర్వాత అంచులు పెళుసై విరుగుతాయి. గుల్లలు గీకేయవచ్చు, కుళ్లిన రెక్కను బాగుచేయలేం.

గుల్ల చిన్నదే అయినా ప్రొపెల్లర్ మీద అది చేసే నష్టం పెద్దది. రెక్క నున్నటి వంపు మీదుగా నీరు సాఫీగా జారితేనే తోపుడు పుడుతుంది. గరుకు తేలితే ఇంజిన్ శ్రమంతా నీటిని కలియబెట్టడానికే పోతుంది. నల్లపొగ, డీజిల్ ఖర్చు, వణుకు, ఆ వణుకుతో షాఫ్టు బేరింగుల అరుగుదల వరుసగా వస్తాయి. తిరిగే ప్రొపెల్లర్ మీద లార్వాలు నిలవడం కష్టం. బోటు కట్టేసి ఉంచినప్పుడే అవి వచ్చి స్థిరపడతాయి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఆ కాలంలో బోటును ఒడ్డుకు లాగని వారి ప్రొపెల్లర్ బార్నకిల్స్‌కు అప్పనంగా దొరికిన ఇల్లు.

విశాఖపట్నం హార్బర్‌కు ఈ కథతో దగ్గరి సంబంధం ఉంది. కరీబియన్ ప్రాంతపు నీళ్లకు చెందిన మైటిలోప్సిస్ అనే చిన్న ఆల్చిప్ప 1967లో ఇక్కడ కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ఆచార్యుడు పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు దాన్ని గుర్తించి ప్రపంచానికి తెలియజేశారు. ఓడల అడుగులకు అంటుకుని సముద్రాలు దాటి వచ్చిందని శాస్త్రజ్ఞుల అంచనా. గుత్తులు గుత్తులుగా పెరుగుతూ అది ఓడలకూ, రేవు కట్టడాలకూ పట్టింది. తర్వాత ముంబైలో, ఈమధ్య కేరళ, తమిళనాడు ఉప్పుటేళ్లలోనూ కనిపించింది. అక్కడ స్థానిక జీవాలను, వాటి మీద బతికే జాలర్లను ఇబ్బంది పెడుతోంది. ఓడ అడుగు శుభ్రత యజమాని డీజిల్ లెక్కతో ఆగే విషయం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక రేవులో గీకకుండా వదిలింది మరో రేవు నెత్తిన పడుతుంది.

బోటు యజమానులకు నా మనవి ఇది. జింకు ముక్కల్ని ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి, వాటి మీద రంగు వేయకండి. రంగు పడిన జింకు ఉన్నా లేనట్టే. సగం అరిగాక మార్చండి. వేట ఆపిన రోజుల్లో వీలైతే బోటును పైకి లాగండి. గీకేటప్పుడు ఇనుప ఉలి వద్దు, చెక్క లేదా ప్లాస్టిక్ గీకుడుబద్ద వాడి తర్వాత నున్నగా పాలిష్ చేయించండి. గీత పడిన చోట లార్వా మరింత సులువుగా పట్టు దొరికించుకుంటుంది. ఇప్పుడు సిలికోన్ పూతలు దొరుకుతున్నాయి. వాటిలో విషం ఉండదు. గుల్ల జిగురుకు గట్టి పట్టు చిక్కకపోవడంతో ప్రొపెల్లర్ తిరగ్గానే నీటి ఒరిపిడికి చాలావరకు రాలిపోతుంది. బోటు నెలల తరబడి కదలకపోతే ఆ పూతా పూర్తిగా ఆదుకోలేదు. అల్యూమినియం ప్రొపెల్లర్‌కు, ఇంజిన్ కింది భాగానికి రాగి రంగు ఎన్నడూ వేయకండి. అలారం ఓడ మేకులకు పట్టిన గతే దానికీ పడుతుంది. నీటిలో దిగి గీకేవాళ్లు ఇంజిన్ ఆపి, తాళం తీసి దగ్గర పెట్టుకున్నాకే దిగాలి.

వచ్చే వారం ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతానికి వెళ్దాం. రాగి చాలదని ఓడల రంగులో తగరపు విషం కలిపాక అక్కడి ఆల్చిప్పల పెంపకం ఎలా కుప్పకూలిందో, 2008 సెప్టెంబర్ నుంచి ఆ రంగుపై అంతర్జాతీయ నిషేధం ఎలా అమల్లోకి వచ్చిందో చెప్పుకుందాం.